మెషిన్ కొన్నారు సరే, అడిగిందెవరిని?

సంపాదకుడు గారికి,

ఫ్యాక్టరీల్లో కొత్త టెక్నాలజీ ఎందుకు నిలదొక్కుకోవడం లేదో చెబుతూ పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దాంలే అని ఆగాను, తగ్గలేదు. తిప్పితిప్పి ఆ వ్యాసకర్త తేల్చిందేమిటంటే, కార్మికులకు కొత్తంటే భయమట!

మెషిన్ కొనేది పర్చేజ్ వాళ్ళు, సాఫ్ట్‌వేర్ ఎంచేది ఐటీ వాళ్ళు, రిబ్బన్ కత్తిరించేది ఎండీ గారు. దాని ముందు షిఫ్టంతా నిలబడే ఆపరేటర్‌ని, అది ఆగితే తిట్లు తినే మెయింటెనెన్స్ వాణ్ణి ఒక్క మాట అడిగిన పాపాన పోరు. శిక్షణంటారా, అమ్మిన కంపెనీ మనిషి వచ్చి గబగబా నాలుగు బటన్లు నొక్కి చూపించి, హాజరు కాగితం మీద సంతకాలు పెట్టించుకుని పోతాడు. ఆ రోజు టార్గెట్ మాత్రం ఒక్క పీసు తగ్గదు, తగ్గితే ఇన్సెంటివ్ కట్. ఇంకెవడు నేర్చుకుంటాడు? రీడింగులన్నీ పాత రిజిస్టర్‌లోనే రాసుకుని, షిఫ్ట్ దిగేముందు అవే అంకెలు స్క్రీన్ మీద ఎక్కిస్తారు. పైన మీటింగులో డాష్‌బోర్డు పచ్చగా కళకళలాడుతుంది, అందరూ చప్పట్లు.

1980ల్లో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ రోబోలకీ కొత్త ప్లాంట్లకీ వేల కోట్ల డాలర్లు కుమ్మరిస్తే, కొన్ని రోబోలు కార్లు వదిలేసి ఒకదానికొకటి రంగు కొట్టుకున్నాయి. అదే కంపెనీ, కాలిఫోర్నియాలో మూతపడ్డ తన ఫ్రీమాంట్ ప్లాంటుని 1984లో టయోటాతో కలిసి మళ్ళీ తెరిచింది. పనివాళ్ళు చాలామటుకు పాతవాళ్ళే, యూనియన్ అదే, మొండివాళ్ళని పేరుపడ్డ బ్యాచ్. మారింది నడిపే తీరు. తప్పు కనబడితే ఎవరైనా తాడు లాగి లైను ఆపొచ్చు. 1988లో అమ్మకాలు పడిపోయినా మనుషుల్ని తీసెయ్యకుండా శిక్షణలో కూర్చోబెట్టారు. క్వాలిటీ అమాంతం పెరిగింది. ఆ తీరుని తన మిగతా ప్లాంట్లలో పెట్టుకోవడానికి మాత్రం జనరల్ మోటార్స్‌కి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది, అక్కడ భయపడింది ఎవరో మరి.

ఇక సర్కారు వారి సంగతి. సబ్సిడీకి మెషిన్ బిల్లు కావాలి, ఫొటో కావాలి. ఏడాది తర్వాత అది తిరుగుతోందా, దుమ్ము పట్టిందా అని చూసే నాథుడు లేడు. 2011లో జర్మనీవాళ్ళు హానోవర్ పరిశ్రమల ప్రదర్శనలో 'ఇండస్ట్రీ 4.0' అని, అంటే ఫ్యాక్టరీ మెషిన్లన్నిటినీ నెట్‌తో కలిపి నడపడమని, అన్న పాపానికి అప్పట్నుంచీ సెమినార్లే సెమినార్లు. వేదిక మీద మంత్రి, కన్సల్టెంటు, మెషిన్లు అమ్మే ఆయన. ఆపరేటర్‌కి కుర్చీ ఉండదు, ఆయన లైను మీద ఉంటాడు కదా.

ఉద్యోగం పోతుందేమోనన్న భయం లేదని నేననను. కొత్త మెషిన్ వల్ల ఎవర్నీ తీసెయ్యం అని ఒక్క కాగితం ముక్క రాసిచ్చిన మేనేజ్‌మెంట్లు ఎన్ని ఉన్నాయో మీ వ్యాసకర్తని కనుక్కోమనండి. ఈసారి ఆయన్ని కాన్ఫరెన్స్ హాలుకి కాకుండా నైట్ షిఫ్ట్‌కి పంపండి.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ ఫోర్‌మన్