గొంతు జీరబోయిన చోటు అలాగే ఉంచాం

మా స్టూడియోకు వచ్చే అందరికీ నమస్కారం.

కోవూరు అమ్మాయి సొంతంగా రాసి, బాణీ కట్టి పాడిన మొదటి ఆల్బమ్ మా దగ్గరే రికార్డు చేశాం. విన్నాక మీలో చాలామంది అడిగింది ఒకటే: "నాయన మీద పాటలో గొంతు జీరబోయింది కదన్నా, సరిచేయలేదేం?" బాలు గారి నెల్లూరులో ఈ మాట అడగకపోతేనే ఆశ్చర్యం.

కావాలనే ఉంచాం. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ భజనలకూ పెళ్లి పాటలకూ రోజూ వాడుతూనే ఉన్నాం. జారిన స్వరాన్ని అది దగ్గర్లోని సరైన స్వరం మీదికి లాగుతుంది. వాళ్ల నాయన రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవారు. గట్టు మీద ఆయన టార్చిలైటు గురించి చెప్పే చరణంలో ఆ అమ్మాయి స్వరం అందుకోబోయి తడబడుతుంది, ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది. దాన్ని సరిచేసి విన్నాం. చక్కగానే ఉంది గానీ, ఇంకెవరి నాయన గురించో పాడుతున్నట్టుంది. వెంటనే పాతదే పెట్టేశాం.

పైగా గిటారు వాయిస్తూనే పాడింది. విడివిడిగా తీస్తే ఏ ముక్క కావాలంటే ఆ ముక్క అతికించొచ్చు. కలిపి తీసినప్పుడు గొంతు మైకులో గిటారు కూడా పడుతుంది. ఒక్క మాట నచ్చకపోయినా పాటంతా మళ్లీ పాడాల్సిందే. రోహిణి కార్తెలో ఫ్యానూ ఏసీ ఆపేసి, ట్రంకు రోడ్డు సద్దుమణిగాక పాడించాం. ఆ రోజుల్లో రాత్రి టైము దొరక్క కొందరు ఇబ్బంది పడ్డారు. ఓపిక పట్టినందుకు మీకు రుణపడి ఉంటాం.

పాటల హక్కులు స్టూడియోవా అని కూడా అడిగారు. కాదు. సాహిత్యం, బాణీ మీద హక్కు రాసి, బాణీ కట్టినవాళ్లదే, వాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. డబ్బు పెట్టి, బాధ్యత తీసుకుని రికార్డు చేయించింది కూడా తనే కాబట్టి ఆ రికార్డింగూ తనదే. మాకు రావాల్సింది పని కూలి, అది వచ్చింది. ఎక్కడ సంతకం పెట్టమన్నా ముందు కాగితం చదవండి. 2012 కాపీరైట్ చట్ట సవరణ తర్వాత రచయితలూ స్వరకర్తలూ తమ రాయల్టీ వాటాను కంపెనీలకు వదులుకుంటామని రాసిచ్చినా చెల్లదు.

ఇలాంటి పనితో అద్దె గడవదు. ఎన్నికల పాటలూ, షాపుల ప్రకటనలూ ఉంటేనే స్టూడియో నడుస్తుంది, వాటిని మానం. కానీ సొంత పాటలు రాసుకునేవాళ్లకు ఇకనుంచి రాత్రి తొమ్మిది తర్వాత టైము ఉంచుతున్నాం. గంటల లెక్క కాదు, పాట లెక్కనే తీసుకుంటాం. గడియారం చూసుకుంటూ టెన్షన్‌తో పాడితే మనసులో మాట బయటికి రాదు. ట్రాకు అక్కర్లేదు, రాసుకున్న నోటుబుక్కు తెచ్చుకుంటే చాలు. వచ్చే ముందు ఒక్క ఫోన్ చేయండి.