మార్కులను బట్టి జీతం ఇచ్చే ముందు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బడిలో లెక్కలు చెబుతాను. చదువుల్లో సంస్కరణల మాట ఎప్పుడొచ్చినా మూడు ప్రతిపాదనలు తప్పకుండా వినిపిస్తాయి. స్కూళ్లకు ర్యాంకులివ్వాలి, పిల్లవాడు ఏ స్కూల్లో చేరితే ప్రభుత్వ సొమ్ము అక్కడికే వెళ్లాలి, టీచరు జీతం పిల్లల మార్కులను బట్టి ఉండాలి. ఈ ఉత్తరం ముఖ్యంగా మూడోదాని గురించి. ఆ ఫైలు ఇప్పటికే మీ దగ్గరికి వచ్చి ఉండొచ్చు, రాకపోతే రేపో మాపో వస్తుంది. తెచ్చినవాళ్లు అదేదో కొత్త ఆలోచన అన్నట్టు చెబుతారు. నిజానికి దాని వయసు నూట అరవై ఏళ్ల పైనే.

ఇంగ్లండులో 1862లో దీన్ని నిబంధనల్లో పెట్టి మరీ అమలు చేశారు. అప్పుడు అక్కడి విద్యా వ్యవహారాలు చూసిన నాయకుడి పేరు రాబర్ట్ లో. ఇన్‌స్పెక్టరు ఏటా బడికొచ్చి ప్రతి పిల్లవాడికీ చదవడం, రాయడం, లెక్కలు ఈ మూడింట్లో పరీక్ష పెట్టాలి. ఎవరైనా ఒకదాంట్లో తప్పితే బడికి రావాల్సిన గ్రాంటులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఈ పద్ధతి చవగ్గా లేకపోతే సమర్థంగా ఉంటుంది, సమర్థంగా లేకపోతే చవగ్గా అయినా ఉంటుంది అని రాబర్ట్ లో గారు పార్లమెంటులోనే చెప్పారు. ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి. ఇప్పటి ప్రతిపాదనల్లో ఆ రెండో సగం పైకి చెప్పరు.

చివరికి జరిగిందేమిటంటే, డబ్బు తేని పాఠాలు బడిలో వెనక్కిపోయాయి. కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ ఆ రోజుల్లో స్కూల్ ఇన్‌స్పెక్టరు. తన శాఖ పద్ధతినే తప్పుపడుతూ రిపోర్టులు రాశారు. తెలివిగా తయారుచేస్తే చదవడం, రాయడం, లెక్కలు నిజంగా రాని పిల్లలను కూడా ఆ మూడు పరీక్షల్లో గట్టెక్కించవచ్చని ఆయన అన్నారు. ఆ విధానాన్ని పూర్తిగా వదులుకోవడానికి 1890ల దాకా పట్టింది.

అమెరికా ఇదే దారిలోకి ఇంకో రూపంలో వచ్చింది. 2002లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం 2014 కల్లా ప్రతి పిల్లవాడూ నిర్ణీత స్థాయి అందుకోవాలి, లేకపోతే స్కూలు మీద చర్యలు. నూటికి నూరు శాతం అనే లక్ష్యం పెట్టినవాళ్లు ఒక్కరోజైనా తరగతిలో నిలబడ్డారా అని నాకు అనుమానం. 2015లో దాని స్థానంలో వేరే చట్టం తెచ్చారు. ఈ మధ్యలో తరగతి గదిలో ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది బయటివాళ్లకు కనబడదు.

పాస్ మార్కు 40 అనుకోండి. నా క్లాసులో ఒకడికి 36 వస్తాయి, ఇంకొకడికి 8, వేరే అమ్మాయికి 90. పాస్ పర్సెంటేజీని బట్టి నా ఇంక్రిమెంటు ఉంటే నేను సాయంత్రం ఎవరిని కూర్చోబెట్టుకోవాలి? 36 వచ్చినవాణ్ణి. నెల రోజులు గట్టిగా పట్టుకుంటే గట్టెక్కుతాడు. 8 వచ్చినవాడు ఏడాదంతా కష్టపడి 30కి చేరినా నా లెక్కలో వాడు సున్నాయే. 90 వచ్చిన అమ్మాయి ఎలాగూ పాసవుతుంది, ఆమెకు కొత్తగా ఏమీ చెప్పకపోయినా నాకు నష్టం లేదు. పిల్లల్లో నిజంగా పెద్ద మార్పు ఎవరిలో వచ్చిందని అడిగితే 8 నుంచి 30కి వచ్చినవాడిలో. ఈ పద్ధతి గుర్తించనిది వాడినే.

ఇది నా ఊహ మాత్రమే కాదు. చికాగో బడుల మార్కులను పరిశీలించిన ఆర్థికవేత్తలకు అక్కడ సరిగ్గా ఇదే కనిపించింది. పాస్ గీతకు దగ్గరగా మధ్యలో ఉన్నవాళ్ల మార్కులు పెరిగాయి, అట్టడుగున ఉన్నవాళ్లకు చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. అక్కడి టీచర్లు చెడ్డవాళ్లని కాదు, గీత ఎక్కడ గీశారో అక్కడే పని చేశారు. కొందరు ఇంకా దూరం వెళ్లారు. అట్లాంటా నగరంలో 2009 పరీక్షల్లో పిల్లల తప్పు జవాబులను బడివాళ్లే మార్చేసిన వ్యవహారంపై 2011లో వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదికలో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లున్నాయి. 2015లో కొందరికి శిక్షలు పడ్డాయి. నిర్ణయాలన్నీ ఒక అంకె మీద ఆధారపడితే ఆ అంకే చెడిపోతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లోనే హెచ్చరించారు.

పోనీ, డబ్బు ఆశ చూపిస్తే పాఠం బాగుపడుతుందా? అమెరికాలోని నాష్‌విల్ నగరంలో మూడేళ్ల పాటు లెక్కల టీచర్లకు ఏడాదికి 15,000 డాలర్ల దాకా బోనస్ ఇస్తామన్నారు. మొత్తం మీద చూస్తే, ఆ అవకాశం లేని టీచర్ల పిల్లలకూ వీళ్ల పిల్లలకూ మార్కుల్లో పెద్ద తేడా రాలేదు. నాకిందులో ఆశ్చర్యమేమీ లేదు. బోనస్ వస్తే చెబుదామని దాచిపెట్టుకున్న పాఠమేదీ టీచరు దగ్గర ఉండదు.

మీ సలహాదారులు వెంటనే ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో జరిగిన ప్రయోగం ఎత్తుతారు. ఎత్తాలి కూడా. 2011లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం బోనస్ ఇచ్చిన బడుల్లో రెండేళ్లలో లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరిగాయి, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా. దాన్ని దాటేస్తే నా వాదనకు విలువ లేదు. అయితే అక్కడ బోనస్‌ను పాస్ గీత మీద పెట్టలేదు. పిల్లల సగటు మెరుగుదల మీద పెట్టారు, అంటే 8 వచ్చినవాడు 30కి వస్తే అదీ లెక్కే. బోనస్ మొత్తం కూడా జీతంలో చిన్న భాగం. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ లేదు, పేపర్లో పేర్లు వేయలేదు. ఆ ప్రయోగాన్ని చూపించి పాస్ పర్సెంటేజీకి జీతం ముడిపెట్టడం మాత్రం కుదరదు.

ఇంకో సంగతి, అమెరికా గణాంక శాస్త్రవేత్తల సంఘం 2014లో ఒక ప్రకటన చేసింది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచరు వాటా 1 నుంచి 14 శాతం అని చాలా అధ్యయనాలు చెబుతున్నాయని అందులో ఉంది. మిగతాదంతా ఇల్లు, ఆరోగ్యం, కింది క్లాసుల చదువు, స్కూలు నడిచే తీరు వగైరా. టీచరు వల్ల ఏమీ కాదని దీని అర్థం కాదు. ఒక క్లాసు మార్కులు చూసి ఒక టీచరుకు ధర కట్టడం ఎంత కష్టమో చెబుతుంది, అంతే.

స్కూళ్ల మధ్య పోటీ విషయానికొస్తే, చిలీ 1980ల మొదట్లోనే డబ్బును పిల్లవాడి వెంట పంపింది. 2011లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 2015లో ప్రభుత్వ సొమ్ముతో నడిచే స్కూళ్లు లాభాలు తీయకూడదనీ, పిల్లల్ని ఏరి చేర్చుకోకూడదనీ చట్టం చేశారు. స్వీడన్‌లో 2013లో ఒక పెద్ద స్కూళ్ల కంపెనీ దివాలా తీస్తే వేలమంది పిల్లల చదువు చిక్కుల్లో పడింది. సబ్బు నచ్చకపోతే వచ్చే నెల ఇంకో కంపెనీది కొంటాం. ఏడో తరగతి అలా మళ్లీ కొనుక్కోలేం.

ఇక మా వైపు సంగతి. బడికి రాని టీచర్లున్నారు, వచ్చినా పాఠం చెప్పనివాళ్లున్నారు. తల్లిదండ్రుల కోపంలో న్యాయముంది. మా సంఘాలు ఈ మాటను గట్టిగా ఒప్పుకోకపోవడం వల్లే మార్కెట్ మాటలకు అంత బలం వచ్చిందని నా అభిప్రాయం. కానీ రాని టీచరును పట్టుకోవడానికి పిల్లల పరీక్ష అక్కర్లేదు. హాజరు చూసేవాళ్లు, ఏడాదికి నాలుగైదుసార్లయినా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం వినేవాళ్లు, తర్వాత ఆ టీచరుతో అరగంట మాట్లాడేవాళ్లు కావాలి. దానికి మనుషులు కావాలి, ఖర్చవుతుంది. సాఫ్ట్‌వేర్‌తో తేలే పని కాదు.

మీకు నా విన్నపాలు ఇవి. పరీక్షలు పెట్టండి, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో తెలుసుకోవడానికి వాడండి, జీతాలకు ముడిపెట్టకండి. ఈ విషయంపై వేసే కమిటీలో రిటైరైన అధికారులు, కన్సల్టెంట్లతో పాటు ఇప్పుడు పాఠాలు చెబుతున్న టీచర్లకూ సగం కుర్చీలివ్వండి. ముసాయిదాను ముందే బయటపెట్టి మా అభ్యంతరాలు వినండి. ఫైలు మీ ముందుకొచ్చిన రోజు, 8 మార్కుల పిల్లవాడు 30కి వస్తే ఈ పద్ధతిలో అది ఎక్కడ నమోదవుతుందని అధికారులను అడగండి. జవాబు కాగితం మీద రాసి ఇచ్చేదాకా సంతకం ఆపండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు