అలసటను కూడా కొలవండి

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలికి మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు. మూడేళ్ల కిందట వికలాంగుల సర్టిఫికెట్ కోసం శిబిరానికి తీసుకెళ్లాం. అంతదూరం రాగలగాలని ముందు రోజంతా తనను మంచం దిగనివ్వలేదు. డాక్టరు గారు చెయ్యి చాపమని పైనుంచి నొక్కారు, కాలు ఎత్తమన్నారు. కండర బలానికి 0 నుంచి 5 దాకా గ్రేడు ఇస్తారు, 5 అంటే పూర్తి బలం. తనకు చాలాచోట్ల 4 పడింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు ఉంది గానీ, చాలా రాయితీలకు 40 శాతం వైకల్యం ఉండాలి. తనకు అంత రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో జడ వేసుకోబోయింది. మూడు పాయలు తీసి నాలుగు మడతలు వేసేసరికి చేతులు జారిపోయాయి. మోచేతులు బల్లకు ఆనించి మళ్లీ మొదలుపెట్టింది, కుదరలేదు. మిగతా జడ అమ్మ వేసింది. తర్వాత రెండు రోజులు అన్నం కలుపుకోవడానికి కూడా ఒళ్లు సహకరించలేదు. ఆ రెండు రోజులు ఏ కాగితంలోనూ లేవు.

మొదటిసారి నొక్కినప్పుడు ఉన్న బలం పదోసారికి ఉండదు. మయస్థీనియా గ్రేవిస్, అంటే వాడేకొద్దీ కండరాలు అలసిపోయే మరో జబ్బు, ఉన్నవాళ్లకు పొద్దున తెరుచుకున్న కనురెప్పలు సాయంత్రానికి వాలిపోతాయి. వాళ్లు చేతులు చాపి ఎంతసేపు ఉంచగలరో 240 సెకన్ల దాకా లెక్కపెట్టే పరీక్ష ఉంది. ఆరు నిమిషాలు నడిపించి దూరం కొలిచే పరీక్షకు పొడవాటి వరండా, గడియారం చాలు. మొదటి నిమిషంలో ఎన్ని మీటర్లు, ఆఖరి నిమిషంలో ఎన్ని అని విడివిడిగా రాస్తే తేడా కనిపిస్తుంది.

లోపల పడే అలసటను మాత్రం అడిగే తెలుసుకోవాలి. అలసట ఎంత తీవ్రమో అడిగే ప్రశ్నావళి ఒకటి, ఫెటీగ్ సివియారిటీ స్కేల్, 1989 నుంచి ఉంది. అందులో తొమ్మిదే వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. వాటిలో ఒకటి వ్యాయామం గురించి. ఏనాడూ వ్యాయామం చేయని మా చెల్లెలు దానికేం చెబుతుంది? బకెట్ ఎత్తితే, మెట్లెక్కితే ఎలా ఉంటుందని అడిగితే టక్కున చెబుతుంది. మన ఇంటి పనులతో తెలుగు ప్రశ్నలు తయారుచేసి, ఇక్కడి రోగుల దగ్గరే సరిచూడాలి.

మా బంధువులే తనది బద్ధకం అన్నారు. ఊపిరి తీయించే కండరాలు బలహీనపడి రాత్రి శ్వాస సరిగా ఆడకపోయినా పొద్దున్నే తలనొప్పి, పగలంతా నీరసం ఉంటాయి. అడగకపోతే అది ఎలా బయటపడుతుంది?

అధికారులకు, వైద్యులకు నా మనవి ఇదే: చెయ్యి ఒకసారి పరీక్షించాక నాలుగైదుసార్లు ఎత్తించి మళ్లీ చూడండి. మర్నాడు ఫోన్ చేసి ఎలా ఉందో అడిగి, ఆ జవాబు కూడా రాసుకోండి. మళ్లీ పరీక్షకు తీసుకెళ్లబోతున్నాం. ఈసారి మా చెల్లెలు ముందు రోజు తన పనులన్నీ చేసుకునే వస్తుంది.

– ఒక అన్నయ్య, సత్యనారాయణపురం, విజయవాడ