గుడ్ల కోసమైతే ఏ కోడి?

అందరికీ నమస్కారం. కావలి, ఉదయగిరి వైపు నుంచి మన గ్రూపులో కొత్తగా చేరినవాళ్లు పెరట్లోకి ఏ కోళ్లు తేవాలని అడుగుతున్నారు.

గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ అనే జాతి కోళ్లు తెచ్చుకోండి. బయట తిరిగి మేసొచ్చాక సాయంత్రం కాస్త దాణా వేస్తే ఏడాదికి 160 నుంచి 180 దాకా పెడుతుంది. వనరాజా అనే ఇంకో జాతి 100, 110 దగ్గర ఆగుతుంది కానీ ఒళ్లు బాగా చేస్తుంది, పుంజులు కూరకు పనికొస్తాయి. మన నాటు పెట్ట 50, 60కి మించదు. పందెం జాతి అసిల్ ఇంకా తక్కువ.

అలాగని నాటు పెట్టల్ని అమ్మేయకండి అన్నా. గ్రామప్రియ, వనరాజా పొదగడానికి కూర్చోవడం చాలా అరుదు. నాటు పెట్ట కింద 10, 12 గుడ్లు పెడితే 21 రోజులకు పిల్లల్ని దించుతుంది, గద్ద కనిపిస్తే చాలు రెక్కల కిందకు లాక్కుంటుంది. ఆ తల్లితనం నాకు చాలా ఇష్టం. అయితే గ్రామప్రియ గుడ్లు పొదిగిస్తే తల్లంత పెట్టే పిల్లలు రావు. సంకర జాతి కాబట్టి ప్రతిసారీ కొత్త పిల్లల్నే తెచ్చుకోవాలి.

గుడ్డు పట్టుకోగానే పెంకు మెత్తగా నొక్కుకుపోతుంటే సున్నం చాలట్లేదని అర్థం. ఆల్చిప్పలు దంచి దాణాలో కలపకుండా విడిగా ఒక మూకుడులో పెట్టండి, కావలసినంత అవే తింటాయి.

కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే అంటురోగం) టీకా మాత్రం మర్చిపోవద్దు. అది వచ్చిందంటే ఏ జాతైనా గంప ఖాళీయే. ఈ వారమే మీ ఊరి పశువుల ఆసుపత్రిలో అడగండి.