అడ్మిషన్ రిజిస్టరులో ఆ నాలుగు గడులు

సంపాదకుల వారికి,

జూన్‌లో బడులు తెరిచాక మొదటి వారమంతా ప్రాథమిక పాఠశాలల్లో అడ్మిషన్లే. రిజిస్టరులో ఒక్కో పిల్లకు ఒక్కో వరుస: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, మతం, కులం, రెండు పుట్టుమచ్చలు. రాయడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ వరుసలోని వివరాలే విద్యాశాఖ ఆన్‌లైన్ రికార్డులైన ఛైల్డ్ ఇన్ఫోలోకి, యూడైస్‌లోకి, తర్వాత పదో తరగతి పరీక్ష రాసేవారి జాబితా అయిన నామినల్ రోల్స్‌లోకి, చివరికి ఎస్సెస్సీ మెమోలోకి పోతాయి. ఇంట్లో ఏ పేరు పెట్టారో, ఏ దేవుణ్ణి కొలిచారో, ఏ భాషలో జోల పాడారో అదంతా బడి రాసిన మాటగా స్థిరపడేది అక్కడే. ఇంత ముఖ్యమైన పనిని మనం గుంపులో, హడావిడిగా, సగం ఊహతో కానిచ్చేస్తున్నాం.

పేరు సంగతి ముందు చూడండి. మన దగ్గర ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. రిజిస్టరులో దాన్ని ఒక్క పొడి అక్షరానికి కుదిస్తారు. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటుంది, ఒక్కోసారి అది చివర్లో ఉంటుంది. విద్యార్థికి దేశమంతటా చెల్లే గుర్తింపు సంఖ్య అయిన అపార్ ఐడీ తీసేటప్పుడు ఈ రెండూ కలవక తిరస్కరణ వస్తుంది. జనన ధ్రువపత్రంలో అసలు పేరే ఉండని పిల్లలూ ఉన్నారు, ఎందుకంటే పుట్టుక నమోదు పేరు లేకుండానే జరగవచ్చు. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆపైన 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేరుస్తారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి ఆధారం ఆ ధ్రువపత్రమే. వాళ్లింకా చిన్నవాళ్లే కాబట్టి తల్లిదండ్రులు ఇప్పుడే పేరు చేర్పించుకుంటే మంచిది. ధ్రువపత్రం లేదని పిల్లను చేర్చుకోకపోవడం మాత్రం తప్పు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ దాన్ని స్పష్టంగా నిషేధించింది.

తండ్రి లేని పిల్లల విషయంలో ఇంకొంచెం సున్నితంగా ఉండాలి. భర్త పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి తన బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలన్న తగాదా ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తల్లే బిడ్డకు సహజ సంరక్షకురాలు కాబట్టి నిర్ణయం ఆమెదేనని 2022 జూలైలో కోర్టు తేల్చింది. రికార్డుల్లో 'సవతి తండ్రి' అని రాయించాలన్న హైకోర్టు ఆదేశం బిడ్డ మనసును, ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందని గట్టిగానే చెప్పింది. అయినా బడిలో పదిమంది ముందు "మీ సొంత నాన్న పేరేంటి?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం మతం, కులం గడుల్లో జరుగుతోంది. పిల్ల పేరు మేరీ అయితే క్రైస్తవం, తల్లి బొట్టు పెట్టుకుని వస్తే హిందూ అని అడక్కుండానే రాసేస్తారు. అన్న ఒక బడిలో, చెల్లెలు మరో బడిలో చేరితే ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు మతాలు పడతాయి. దీని ఫలితం చిన్నది కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు తప్ప వేరే మతం అవలంబించేవారికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారు, వారి సంతానం మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు ఈ మత నిబంధన లేదు. ముస్లిం పిల్లలకైతే కులం గడిలో కూడా 'ముస్లిం' అనే రాస్తారు. దూదేకులవారు బీసీ-బీ, షేక్ వంటి వర్గాలు బీసీ-ఈ. ఆ మాట రిజిస్టరులో లేకపోతే ఇంటర్ తర్వాత సర్టిఫికెట్ కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాల్సి వస్తుంది. కుల ధ్రువీకరణ ఇచ్చేది 1993 చట్టం కింద రెవెన్యూ అధికారులే. కానీ విచారణలో వాళ్లు ముందుగా అడిగేది బడి రికార్డునే.

ఇక్కడ టీచరు చేయాల్సిందల్లా ఏం రాస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పి, కుటుంబం చెప్పిందే రాయడం. ఇది రాయించుకో, అది దాచుకో అని సలహా ఇవ్వకూడదు. అసలు మతం, కులం చెప్పబోమనే తల్లిదండ్రుల మాటకూ విలువ ఉంది. జనన నమోదు దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే గడి పెట్టాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది.

ఇంకో మాట. స్కాలర్‌షిప్ వివరాల కోసం "ఎస్సీ పిల్లలు లేవండి" అని తరగతిలో నిలబెట్టడం మానాలి. ఆరేడేళ్ల పిల్లలు తామెవరో తెలుసుకునే మొదటి పాఠం అలా ఉండకూడదు. ఆ వివరాలన్నీ రిజిస్టరులో ఉన్నాయి, చూసి రాసుకోవచ్చు.

మాతృభాష గడిలో వరసగా 'తెలుగు' అని రాసుకుంటూ పోతున్నారు. ఉట్నూరు వైపు గోండి, భద్రాచలం వైపు కోయ, సీతంపేట కొండల్లో సవర, తండాల్లో లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలకూ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చి, మొదట ఇంటి భాషలో చదువు చెప్పి, మెల్లగా తెలుగులోకి తీసుకెళ్లే కార్యక్రమం నడిచింది. ఆ భాష పిల్లలు ఏ బడిలో ఎందరున్నారో రికార్డే చెప్పకపోతే పుస్తకాలు ఎన్ని వేయాలి, ఆ భాష వచ్చిన టీచరును ఎక్కడికి పంపాలి? దీనికి తలకిందులుగా, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లలకు పేరు చూసి 'ఉర్దూ' అని రాసినవీ ఉన్నాయి.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు నా విన్నపం ఇదీ. బడిబాటలో ఇల్లిల్లూ తిరిగేటప్పుడే ఒక పేజీ ఫారం ఇవ్వండి. వారం గడువివ్వండి. నింపింది తల్లికో తండ్రికో పైకి చదివి వినిపించి, గిరిజన గూడేల్లో అయితే వాళ్ల భాషలోనే చెప్పి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకుని రిజిస్టరులో ఎక్కించండి. ఆ వరుసకు జిరాక్స్ ఇంటికి ఇవ్వండి. అయిదో తరగతి పూర్తయి టీసీ ఇచ్చేటప్పుడు మరోసారి సరిచూడాలి. హైస్కూలులో దిద్దుకోవాలంటే మళ్లీ ఈ ప్రాథమిక బడి రికార్డునే అడుగుతారు. పదో తరగతిలో నామినల్ రోల్స్ పంపే ముందు వాటి నకలు ప్రతి ఇంటికీ చేరాలి. మెమో అచ్చయ్యాక దిద్దించాలంటే హెడ్మాస్టరు ద్వారా బోర్డు దాకా పోవాలి. కూలి మానుకుని అన్నిసార్లు తిరగలేక చాలామంది ఆ తప్పుతోనే సర్దుకుపోతున్నారు.

- ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఏలూరు జిల్లా