అన్నయ్య పెట్టిన షరతుకు జవాబు

కొలంబస్, ఒహాయో
నవంబరు, 2025

అన్నయ్యకు నమస్కారాలు.

ఫోనులో మాట్లాడితే మళ్లీ గొడవవుతుంది, మధ్యలో నువ్వు ఫోను వదిన చేతికిచ్చి వరండాలోకి వెళ్లిపోతావు. అందుకే ఉత్తరం. ఇది నువ్వొక్కడివే చదువుకో. అమ్మకు చివర్లో విడిగా రాశాను, అది మాత్రం వినిపించు.

ఇక్కడ ఉద్యోగం నడుస్తోంది. ఆఫీసులో మనుషులను తీసేస్తున్నారు, నా వంతు ఇంకా రాలేదు. పాప చదువు వచ్చే ఏడాదితో అయిపోతుంది. పని గురించి ఇంతకంటే రాయాల్సిందేమీ లేదు.

ఇక నీ మాట. "వస్తే రా, ఇల్లు నీది కూడా. ఆ అమరావతి రాజధాని కబుర్లు మాత్రం గేటు బయట వదిలి రా" అన్నావు. ఇల్లు నాది కూడా అన్నందుకు కడుపు నిండింది. రెండో మాటకు మాత్రం ఒప్పుకోలేను. రావాలనే అనుకుంటున్నాను, ఆ కబుర్లతో సహా వస్తాను.

నా అభిప్రాయం నీకు కొత్త కాదు. మూడు పంటలు పండే నేలను సిమెంటు కింద కప్పకూడదని 2014లోనే అన్నాను. రాజధాని ఎక్కడుండాలో చూడమని కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ కూడా విజయవాడ, గుంటూరు మధ్య సారవంతమైన భూముల్లో రాజధాని వద్దని చెప్పిందంటే, "కమిటీలు కలుపు తీస్తాయా?" అన్నావు. రాజధాని భూసమీకరణకు పొలం ఇస్తామని ఒప్పుకునే 9.3 ఫారం మీద సంతకం పెట్టే ముందు నాన్న నాకు ఫోను చేశాడు. వద్దన్నాను. అంతా విని, "ఊరంతా ఇస్తుంటే మనమొక్కళ్లం ఎలా ఆగుతాంరా" అన్నాడు. ఇచ్చిన ఎకరానికి బదులుగా వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లు కౌలు. లెక్క ప్రకారం నష్టమేమీ లేదని నాకూ తెలుసు. నా బాధ లెక్కది కాదు.

కరకట్ట దిగగానే మన దొండ పందిరి, దాని పక్కన కంద మడి, ఆవల అరటి. పందిరి కింద నిటారుగా నిలబడితే తలకు తీగలు తగిలేవి, నువ్వు నాకంటే పొడుగు కాబట్టి నడుం వంచుకునే కాయలు కోసేవాడివి. గోనెసంచి తడిపి కాయల మీద కప్పి తెల్లవారుజామున బెజవాడ మార్కెట్‌కు పంపేవాళ్లం. ఆ సంచి వాసన నాకు ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. పోయినసారి వచ్చినప్పుడు ఆ చోటు ఎక్కడుందో నీక్కూడా సరిగా పోల్చుకోవడం రాలేదు. రోడ్డు గీత ఒకటి చూపించి "ఇటో, అటో" అన్నావు. నవ్వావు గానీ నవ్వులా లేదది.

2019 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం మూడు రాజధానులన్నప్పుడు నేను లోలోపల సంతోషించానని నువ్వు వదినతో అన్నావట. అన్యాయం అన్నయ్యా. భూమి తీసుకోవడం తప్పన్నవాడికి, తీసుకుని నట్టేట ముంచడం ఒప్పెలా అవుతుంది? 2022 మార్చి 3న అమరావతినే రాజధానిగా కట్టమని హైకోర్టు తీర్పు వచ్చినరోజు నీకు ఎన్నిసార్లు ఫోను చేశానో నీ ఫోనే చెప్తుంది. నువ్వు ఎత్తలేదు. వదిన ఎత్తింది. రైతుల నిరసన శిబిరంలో ఆకుపచ్చ కండువా మెడలో వేసుకుని, ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వెనక మైకులో నినాదాలు. "మరిదీ, గెలిచాం" అని ఒక్క మాట అని మళ్లీ ఈనెలు తీయడంలో పడింది. రాజధాని ఇక్కడ వద్దన్న నేను, ఆ మనిషి ఓడిపోవాలని ఎలా కోరుకుంటాను? ఈ రెండూ ఒకే బుర్రలో పడతాయని నీకు నచ్చజెప్పడం నావల్ల కావడం లేదు.

ఇప్పుడు మళ్లీ రెండో విడత భూసమీకరణ అంటున్నారు. మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయని మీరంతా పండగ చేసుకున్నారు, సరే, ఆ పండగ మీరు కష్టపడి సంపాదించుకున్నది. మొదట తీసుకున్న దాదాపు 34 వేల ఎకరాల్లో కట్టాల్సింది కట్టకుండా ఇంకా పొలాలు ఎందుకని అడిగితే రాజధానికి ద్రోహం చేసినవాడిని అయిపోతానా? మన పసుపు తవ్వడానికి వచ్చినవాళ్లకు సెంటు భూమి లేదు కాబట్టి ప్లాటు రాలేదు. నెలకు 2,500 పింఛను ఇస్తామన్నారు. అది అడిగినా నీకు కోపమే. "నీకక్కడ డాలర్లు, మాకిక్కడ నీతులు" అంటావు. డాలర్ల సంగతి నిజమే. అయినా ప్రశ్న ప్రశ్నే.

అక్కడి రాజకీయాలు నచ్చనివాడికి అక్కడ కాపురం ఎందుకని మీ మరదలు కూడా అడుగుతోంది. ఇక్కడివి నచ్చే ఉంటున్నానా? 2003లో ఇరాక్ మీదికి యుద్ధానికి వెళ్లినప్పుడు వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను, నా జీతంలో కోసిన పన్ను మాత్రం ఆ యుద్ధానికే పోయింది. ఆ తర్వాతే ఈ ఇల్లు కొన్నాను, పాప పుట్టింది, పౌరసత్వమూ తీసుకున్నాను. ఏ ప్రభుత్వం వచ్చినా సగం విషయాల్లో నాకు పడలేదు, అయినా రాత్రి నిద్ర పట్టింది. మన ఊరి వార్త చదివిన రాత్రి పట్టదు. అన్నం తింటూ ఎదురుగా ఉన్న గోడతో వాదిస్తున్నానట, మీ మరదలు చెప్పింది. గోడతో వాదించే బదులు నీతోనే వాదిస్తాను, నువ్వు కనీసం తిరిగి తిడతావు.

అమ్మ మోకాలికి ఆపరేషన్ సంక్రాంతి తర్వాత పెట్టుకుందామన్నారు కదా, తేదీ ఖాయం చేసి చెప్పు. డబ్బు విషయం మాట్లాడకు.

అసలు చిక్కు వేరే ఉంది. నా దగ్గరున్నది ఓసీఐ కార్డు, వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చేది. దానితో బతికినంత కాలం అక్కడ ఉండొచ్చు, ఓటు మాత్రం లేదు. పత్రికా పని చేయాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. పోయినేడు మే 13 పోలింగుకు ఎంతమంది విమానాలు ఎక్కి వచ్చారో చూశావుగా, వాళ్లకు ఇండియా పాస్‌పోర్టు ఉంది. నాది రద్దయిన ముద్రతో బీరువాలో ఉంది. ఇంకో తమాషా చెప్తాను. ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తేనే ఉంచుకోవచ్చు. ఇళ్ల స్థలాలు ఎన్నయినా కొనుక్కోవచ్చు. మన దొండ పందిరి ఇంకా పందిరిలాగే ఉంటే దాన్ని కొనే హక్కు నాకు లేదు, ప్లాటైంది కాబట్టి ఉంది! నవ్వుకో.

పౌరసత్వ చట్టంలో 5(1)(జి) అని ఒకటుంది. ఓసీఐగా నమోదై అయిదేళ్లు దాటి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు అక్కడే నివాసం ఉంటే మళ్లీ పౌరసత్వం అడగొచ్చు. అప్పుడు ఇక్కడిది వదులుకోవాలి. పాప ఇక్కడే ఉంటుంది కాబట్టి దానికి మీ మరదలు ససేమిరా అంటోంది, ఆమె భయం నాకు అర్థమవుతోంది. అందుకని ఇలా అనుకున్నాం: పాప చదువు కాగానే కార్డు మీదే వచ్చి ఒక ఏడాది ఉంటాం. ఆ ఏడాదిలో నువ్వూ నేనూ ఒకరినొకరం భరించగలమో లేదో తేలిపోతుంది. పాస్‌పోర్టు సంగతి తర్వాత.

ఓటు లేని ఆ ఏడాది నేను నోరు మూసుకుంటానని మాత్రం ఆశపడకు. నీ స్నేహితుల ముందు నీ పరువు తీయను, ఆ మాట ఇస్తాను. ఇంట్లో, భోజనాల దగ్గర, వదిన ఎదుట మాట్లాడతాను. వదిన నన్ను తిట్టినా పడతాను, ఆమెకు ఆ హక్కుంది. నా వాటా వాణిజ్య స్థలం గురించి, పసుపు తవ్వినవాళ్ల గురించి ఒక ఆలోచన ఉంది. వచ్చాక చెప్తాను. నీకు నచ్చదు.

ఇది అమ్మకు:

అమ్మా, చలి మొదలైంది గానీ ఇంట్లో వెచ్చగానే ఉంటుంది, బెంగపడకు. నువ్వు పంపిన కందిపొడి వేసుకోని పూట లేదు. మోకాలి ఆపరేషన్ అంటే భయపడకు, ఆ సమయానికి నేను నీ పక్కన ఉంటాను. అన్నయ్యా నేనూ గొడవ పడ్డామని ఎవరైనా చెబితే నమ్మకు, బాగానే మాట్లాడుకుంటున్నాం. మేడమీద గదిలో నా పుస్తకాలకు చెద పట్టిందేమో ఒకసారి చూడమని వాడికి చెప్పు. నేను చెబితే చూడడు.

నీ తమ్ముడు