క్రోధి నామ సంవత్సర వార్షిక నివేదిక: మన జాడీలు, మన కొలతలు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 9న క్రోధి నామ ఉగాదికి పచ్చడి తిని మొదలుపెట్టిన మన సంఘ సంవత్సరం, 2025 మార్చి 30న విశ్వావసు ఉగాదితో పూర్తయింది. ఈ మధ్యలో మనం ఏం చేశామో, ఎక్కడ పొరపాటు పడ్డామో కార్యదర్శిగా మీ ముందు పెడుతున్నాను. కొత్తగా చేరినవారి కోసం ఒక్క మాట. మన విజయవాడలో ఊరగాయ కొనుక్కోవడానికి దుకాణాలకు కొదవ లేదు. అయినా ఇంట్లో జాడీ పెట్టుకునేవాళ్లం, పెట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లం కలిసి ఏర్పరచుకున్న సంఘం ఇది. ఎవరి చేతి ఊరగాయ వాళ్లు తెస్తారు, అందరూ రుచి చూస్తారు, వెళ్లేటప్పుడు ఒకరి సీసా ఒకరు పట్టుకెళ్తారు. ఇక్కడ అమ్మకం లేదు, బహుమతులు లేవు.

ఈ ఏడాది చేసిన పనుల్లో ముందుగా చెప్పుకోవాల్సింది ఆవకాయ. ఇంతకుముందు ఎవరి కాయ వాళ్లది, ఎవరి కారం వాళ్లది. అందువల్ల రుచిలో తేడా కాయ వల్ల వచ్చిందా, చేయి వల్ల వచ్చిందా ఎప్పుడూ తేలేది కాదు. ఈసారి సరుకంతా ఉమ్మడిగా కొన్నాం. మే నెలలో నలుగురం తెల్లవారుజామునే నున్న మామిడి మార్కెట్‌కి వెళ్లి చిన్న రసాల కాయ తెచ్చాం. తెల్ల గులాబి రకం తేవాల్సిందని కొందరు, జలాల రకమైతే ముక్క గట్టిగా ఉండేదని కొందరు అన్నారు. మేం చూసుకున్నది రెండే: టెంక ముదిరిందా లేదా, కాయ మీద వాన పడిందా లేదా. టెంక ముదరని కాయ ఎంత పుల్లగా ఉన్నా ఏడాది నిలవదు, ముక్క మెత్తబడిపోతుంది. కత్తిపీట దగ్గర ముక్కలు కొట్టించి, ప్రతి ముక్కకీ టెంక ఉండేలా చూసి, జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడిచి పంచుకున్నాం. ఆ తుడిచే పని దగ్గర పెద్దవాళ్లు ఎంత పట్టుబడతారో మీకు తెలుసు. నా ఉద్దేశంలో వాళ్లు పడే పట్టు ఇంకాస్త ఎక్కువైనా తప్పులేదు.

మిరపకాయ గుంటూరు యార్డు సరుకే. తేజ రకం ఘాటుకి పెట్టింది పేరు, కానీ ఆవకాయకు అదొక్కటే వాడితే ముద్ద నోట్లో పెట్టుకోలేం. 334 సన్నం అనే రకం తీసుకుని, రంగు కోసం కొంచెం చపాటా రకం కలిపి ఆడించాం. ఆవాలు మాత్రం దెబ్బతిన్నాయి. మిల్లులో ఒకేసారి ఎక్కువ పోసి ఆడించడంతో పిండి వేడెక్కి, కొంత చేదెక్కింది. ఆ పిండి పక్కన పెట్టి, మళ్లీ ఆవాలు ఎండబెట్టి, ఇళ్లలో మిక్సీలోనే కొంచెం కొంచెంగా ఆపి ఆపి ఆడుకున్నాం.

అక్కడినుంచి ఎవరిష్టం వాళ్లది. కొందరు పప్పునూనె, అంటే నువ్వుల నూనె, పచ్చిగా పోశారు, ఇద్దరు కాచి చల్లార్చి పోశారు, ఒకరు వేడి తగ్గకుండానే పోశారు. వేడి నూనె పోసిన జాడీలో ఆవఘాటు లేదని రుచి చూసిన ప్రతి ఒక్కరూ అన్నారు. దానికి కారణం ఉంది. పొడి ఆవపిండిలో ఘాటు ఉండదు. తడి తగిలాక ఆవగింజలో ఉండే ఎంజైమ్ పనిచేస్తేనే ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. పోపు పెట్టుకునేవారు దాన్ని పూర్తిగా చల్లారనిచ్చి కలపమని మనవి.

రుచి చూసే సభ ఆషాఢంలో, జూలైలో పెట్టుకున్నాం. కొత్తావకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి ముద్దలు తినే సంబరం ఎటూ మేలో ఇంటింటా జరిగిపోయింది. కానీ ఆవకాయ అసలు స్వభావం తెలియాలంటే ముక్క ఊరాలి, ఆవఘాటు సర్దుకోవాలి. సీసాల మీద పేర్లు తీసేసి అంకెలు మాత్రమే వేశాం. వేడన్నం, మొదటి ముద్దకు నెయ్యి వేయకూడదు. మధ్యమధ్య మజ్జిగ. నీళ్లు తాగితే కారం తగ్గదు, ఎందుకంటే మిరప కారం నీటిలో కరగదు. పాల పదార్థాలే దాన్ని నాలుక మీద నుంచి కడుగుతాయి. ఒక విడతకు ఆరు సీసాలు మించి పెట్టలేదు. ఆరు దాటితే నోరు మొద్దుబారి అన్నీ ఒకేలా ఉంటాయి.

ఆ రోజు జరిగింది నేను మరచిపోలేను. మన సంఘంలో పటమట నుంచి వచ్చే పెద్దమ్మగారి ఆవకాయ అందరికీ తెలుసు. నాలుగో సీసా రుచి చూడగానే చాలామంది ‘ఇది పెద్దమ్మగారిదే’ అన్నారు. అంకె విప్పి చూస్తే అది నిరుడే చేరిన బ్యాంకు ఉద్యోగి కుర్రాడిది. జీవితంలో మొదటిసారి పెట్టిన ఆవకాయ. అతను చేసింది ఏమిటంటే, మేలో పెద్దమ్మగారు ఆవకాయ కలుపుతున్నప్పుడు పక్కన కూర్చుని, ఆవిడ పిడికిలి కింద తూకం యంత్రం పెట్టాడు. ఆవిడ ఎప్పుడూ గిద్ద, సోల లాంటి కొలపాత్రలు కూడా వాడరు, అంతా చేతి లెక్కే. ఉప్పు మూడు పిడికిళ్లు పోస్తే మూడూ దాదాపు ఒకే బరువు తూగాయట. అవి రాసుకుని, ఇంటికెళ్లి, అదే లెక్కన తన ముక్కలకు కలుపుకున్నాడు. సీసా ఎవరిదో తెలిసినప్పుడు పెద్దమ్మగారు ‘నా చేయి నీకు వచ్చిందిరా నాన్నా’ అని అతని తల నిమిరారు. హస్తవాసి అని మనం అంటున్న దానిలో చాలా భాగం తూచగలిగేదే అని ఆ రోజు నాకు నమ్మకం కుదిరింది. తూచి రాసుకుంటేనే అది ఆ చేతితో పాటు పోకుండా ఉంటుంది.

ఇప్పుడు పాడైన జాడీల సంగతి. ఈ ఏడాది రెండు జాడీలకు బూజు పట్టింది. అందులో ఒకటి నాది. నెల తిరగకుండానే పైన బూడిదరంగు నూగు కనిపించింది. పైపైన తీసేసి తినొచ్చని ఒకరు సలహా ఇచ్చారు కానీ, నేను జాడీ మొత్తం పారేశాను. బూజు పైన కనిపించినంత మేరే ఉండదు, లోపలికి దిగుతుంది. ఎవరూ అలాంటిది తినవద్దు, ఇతరులకు ఇవ్వవద్దు. పైన తెల్లగా గరగరలాడుతూ కనిపించేదంతా బూజు కాదు, ఒక్కోసారి ఉప్పు పేరుకుంటుంది. ఆ గరుకు నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. నూగుగా ఉన్నది కరగదు.

కారణం వెతికితే ఉప్పు దగ్గర దొరికింది. మా అమ్మ చెప్పిన కొలతలో ఉప్పు అంటే దంచి జల్లించిన ఉప్పు. నేను రాళ్ల ఉప్పు దంచకుండానే అదే గిద్దతో కొలిచాను. తర్వాత సంఘంలో అందరి ముందూ తూచి చూశాం. 200 మిల్లీలీటర్ల గ్లాసులో ప్యాకెట్ సన్న ఉప్పు 240 గ్రాముల దాకా తూగింది. రాళ్ల ఉప్పు అదే గ్లాసులో దానికి బాగా తక్కువ వచ్చింది. రాళ్ల మధ్య ఖాళీయే ఎక్కువ. అంటే నా జాడీలో ఉండాల్సినంత ఉప్పు లేదు. ఇదే పొరపాటు తిరగబడితే, దంచని ఉప్పుకు చెప్పిన కొలతతో సన్న ఉప్పు పోసిన ఒక సభ్యురాలి ఆవకాయ ఉప్పుకషాయం అయింది. రెండో బూజు జాడీకి కారణం వేరు. మూడో రోజు తిరగకలిపి నూనె చూసుకోలేదు. ముక్క నూనెలో మునగకుండా పైకి తేలింది.

ఈ అనుభవం తర్వాత కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. ఇకనుంచి సీసా ఇచ్చేటప్పుడు దానితో పాటు చీటీ ఇవ్వాలి. కాయ రకం, ముక్కల బరువు, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె, అన్నీ గ్రాముల్లో, కలిపిన తేదీతో సహా. పాడైన జాడీ గురించి కూడా దాచకుండా చెప్పాలి. పాడైందని చెప్పుకోవడానికి మొహమాటపడే సభ్యులు మనలో ఉన్నారని నాకు తెలుసు. ఇన్నేళ్లు నేనూ అలాగే ఉన్నాను.

సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చింది. సింగ్ నగర్ వైపు మన సభ్యుల ఇళ్లలో నీళ్లు నిలిచాయి. సామాన్లతో పాటు వంటింటి అరల్లో ఉన్న ఊరగాయ జాడీలు మునిగిపోయాయి. మూతికి గుడ్డతో వాసెన కట్టి ఉంది కదా, లోపల బాగానే ఉంటుందేమో అని ఇద్దరు అడిగారు. వరద నీరు తగిలిన జాడీని ఉంచుకోవద్దని గట్టిగా చెప్పాం. నీళ్లు దిగి ఇళ్లు కడుక్కున్నాక, దసరా లోపు, మిగిలిన సభ్యులం ప్రతి ఇంటికీ ఆవకాయ, మాగాయ, గోంగూర తీసుకెళ్లి ఇచ్చాం. ఒక పిన్నిగారు సీసా అందుకుని, ఏడ్చి, చీటీ ఏదని అడిగారు. ఆ చీటీల్లో ఉన్న లెక్కతోనే ఆవిడ మళ్లీ తన జాడీ పెట్టుకుంటానన్నారు. ఈ సంఘం పెట్టుకున్నందుకు నాకు మనసు నిండిన రోజు అదే.

కార్తీకంలో ఉసిరికాయ, సంక్రాంతికి ముందు చింతకాయ తొక్కు, ఆ తర్వాత పండుమిరప సభలు మామూలుగానే జరిగాయి. పండుమిరప సభకు హాజరు తక్కువ. దోసావకాయ గురించి మాత్రం ఒక జాగ్రత్త. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉంటే, బోటులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని తెచ్చే సూక్ష్మజీవి పెరగలేదు. పుల్ల మామిడికి ఆ పులుపు పుట్టుకతోనే ఉంటుంది. దోసకాయకు అంత ఉండదు. కాబట్టి దోసావకాయ ఏడాది జాడీ కాదు, ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేయాలి, పంచేటప్పుడు ఆ మాట చెప్పి ఇవ్వాలి. పీహెచ్ కాగితాలు కొన్నాం కానీ నూనె, కారం రంగు అంటుకుని చదవడం కష్టమైంది. నూనె పోయకముందు దిగిన ఊటతో చూడాలని తెలుసుకున్నాం.

ఫిబ్రవరిలో నల్లద్రాక్ష బాగా వచ్చినప్పుడు కొత్త సభ్యులు కొందరు, క్రిస్మస్‌కి ఇంట్లో ద్రాక్ష వైన్ పెట్టే అలవాటు గురించి చెప్పి, అదీ మన సభల్లో రుచి చూడొచ్చు కదా అని అడిగారు. పులియబెట్టడం ఎలా జరుగుతుందో తెలుసుకోవాలన్న వాళ్ల ఆసక్తి నిజమైనది, నాకు నచ్చింది కూడా. కానీ మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమ్మడం లేదు కదా అంటే సరిపోదు. సంఘం తరఫున అది చేయం, సభకు తేవద్దని కోరాం. వారిలో ఒకరు పచ్చి ద్రాక్షతో ఊరగాయ పెట్టి తెచ్చారు. పులుపు బాగుంది, ఉప్పు ఇంకొంచెం పడాలి. అలాగే ఊరగాయలు అమ్ముకుందామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఆహార పదార్థం ఏదైనా అమ్మాలంటే దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు కావాలి. సొంతంగా చేసుకోదలచినవారు అది తీసుకుని చేసుకోవచ్చు. సంఘం పేరు వాడవద్దు.

జమాఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం. ఖర్చులో ఎక్కువ భాగం మామిడికాయ, మిరపకాయ, నూనెలకే పోయింది. తూకం యంత్రం ఒకటి సంఘానికి కొన్నాం. కావాల్సినవారు రెండు రోజులు ఇంటికి తీసుకెళ్లవచ్చు.

వచ్చే మేలో మళ్లీ ఉమ్మడిగా కాయ కొంటున్నాం. ఈసారి ఒకే కొలతతో రెండు నూనెలు, పప్పునూనె, వేరుశనగ నూనె, పోల్చి చూడాలని అనుకుంటున్నాం. వేరుశనగ నూనె వైపు ఉండేవాళ్లు ముందే పేర్లు ఇవ్వండి, ఇప్పటిదాకా ఇద్దరే వచ్చారు. మే సభకు ప్రతి ఒక్కరూ తాము వాడే ఉప్పు ఒక గ్లాసు తెచ్చి తూచి చూసుకోవాలి. నిరుడు తీసుకున్న సీసాలు ఇంకా కొన్ని తిరిగి రాలేదు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్న మన ఆచారం వల్ల ఆగారని తెలుసు. లోపల ఒక చెంచా పంచదార వేసి పంపినా చాలు.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ